రెండో బెజ్జం

తియ్యి తల్లీ, ముందు ఈ డబ్బా నా మొహం మీంచి తియ్యి, కళ్ళు తిరుగుతున్నాయి. హమ్మయ్య. నా కుర్చీ నా కింద ఉంది, అది చాలు. లేదు లేదు, బాగోలేదని ఎవరన్నారు? నువ్వు కంప్యూటర్‌లో కట్టిన ఇల్లు బ్రహ్మాండంగా ఉంది. ఆ మెట్లూ, ఆ వసారా, కిటికీలోంచి పడే ఎండా, నిజంగా లోపల నిలబడ్డట్టే ఉంది. అవతల ఉన్న స్తంభం పట్టుకుందామని చెయ్యి చాపాను, అందుకే ఈ బల్ల మీద పుస్తకాలన్నీ కింద పడ్డాయి. మీ అమ్మతో అనకు. ఏమన్నావు? కుడికంటికి ఒక బొమ్మ, ఎడమకంటికి ఒక బొమ్మ చూపిస్తుందా? రెండూ ఒకటే బొమ్మ కాదా? పిసరంత తేడా ఉంటుందా, ఆ తేడా వల్లే లోతు తెలుస్తుందా. ఓహో. ఓహోహో. ఓసి పిల్లా, ఈ ముక్క యాభై ఏళ్ళ కిందట నాకెవరైనా చెప్పి ఉంటే ఒక మనిషి కొంప మునగకుండా ఉండేది. ఎక్కడికి లేస్తావు, కూర్చో. నీ పని ఎక్కడికీ పోదు. దారాల మాస్టారి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ? మీ అమ్మకీ చెప్పలేదు. మీ అమ్మమ్మకి మాత్రం తెలుసు, తెలిసినా ఎవరి దగ్గరా నోరెత్తేది కాదు, మహాతల్లి.

నేను బొమ్మల బడిలో వడ్రంగిగా పనిచేశానని తెలుసుగా. బొమ్మల బడి అని మేమనేవాళ్ళం, బోర్డు మీద ఉన్న పేరు చదవాలంటే ఊపిరి చాలేది కాదు. ఇళ్ళకి ప్లాన్లు గీసేవాళ్ళు, భూములు కొలిచేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు, నాటకాల తెరలకి రంగులు వేసేవాళ్ళు, అందరూ అక్కడే నేర్చుకునేవారు. ఒకరంటే ఒకరికి పడేది కాదు. ప్లాన్లవాళ్ళు రంగులవాళ్ళని చూసి మూతి తిప్పుకునేవారు, రంగులవాళ్ళు ఫోటోలవాళ్ళని చూసి, మీట నొక్కితే కళ అయిపోతుందా అనేవారు. కానీ అందరూ కలిసి కూర్చునే క్లాసు ఒక్కటుండేది, అది మాస్టారిది. ఎదురుగా ఉన్నది కంటికి ఎలా కనిపిస్తుంది, ఎందుకలా కనిపిస్తుంది, దాన్ని కాగితం మీద పెట్టడం ఎలా, అదీ ఆయన పాఠం. దగ్గర వస్తువు పెద్దగా, దూరం వస్తువు చిన్నగా ఎందుకుంటుంది? పక్కపక్కనే పోయే రెండు గోడలు పోగా పోగా ఒకచోట కలిసినట్టు ఎందుకు కనిపిస్తాయి? నీకు ఇప్పుడు కంప్యూటర్ చేసి పెడుతోంది కాబట్టి నవ్వుతున్నావు. అప్పుడు చేత్తో చెయ్యాలి, వేలెడు గీత తప్పితే ఇల్లంతా తప్పేది.

ఆయన గది చూడాలి నువ్వు. మేడ మీద పెద్ద హాలు. అటు చివర గోడకి, మనిషి కంటి ఎత్తులో, ఒక మేకు. ఆ మేకే కన్ను అనుకోండి అనేవారు. ఇటు చివర బల్లలు, కుర్చీలు, ఒక నిచ్చెన, ఒక కుండ. ప్రతి వస్తువు మూలకీ ఒక దారం కట్టి, ఆ దారాన్ని తెచ్చి మేకుకి కట్టేవారు. మధ్యలో నేను చేసిన చెక్క చట్రం నిలబెట్టేవారు. దారం చట్రంలోంచి ఎక్కడ దూరి వస్తోందో అక్కడ చుక్క పెట్టుకుంటూ పోతే, చుక్కలు కలిపితే, అదుగో కుర్చీ. బొమ్మ గీసినట్టే ఉండదు, బొమ్మ దానంతటది దొరికినట్టుంటుంది. మొదటిసారి చూసిన పిల్లలు నోళ్ళు తెరిచేవారు. గది నిండా వందల దారాలు, తెల్లవి, ఎర్రవి. ఊడ్చే ఆవిడ వంగి వంగి ఊడుస్తూ, చదువు చెప్పమంటే వల పన్నాడమ్మా ఈయన అని సణిగేది. నేను చట్రాలు సరిచెయ్యడానికి వెళ్ళి గంటలు గంటలు అక్కడే పడి ఉండేవాణ్ణి. కిందనించి మేనేజరు కేకలేసినా వినిపించనట్టే ఉండేవాణ్ణి. ఐదో తరగతి తప్పినవాణ్ణి, నాకు ఆయన అంతా అర్థమయ్యేలా చెప్పేవారు. వడ్రంగి కన్ను వడ్రంగి కన్నే, వంకర నీకు ముందు తెలుస్తుందయ్యా అనేవారు. ఆ మాటకి వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

మనిషి ఎలా ఉండేవారంటే, పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ నలగని చొక్కా. పెళ్ళి లేదు, అక్కగారితో ఉండేవారు. కాస్త గర్వం అనేవారు అందరూ. ఎదురుపడి నమస్కారం పెడితే ఒకోసారి చూడకుండా వెళ్ళిపోయేవారు. ఎవరైనా డస్టరు విసిరితే పట్టుకోరు, గుండెలకి తగిలి కింద పడేది, విసిరినవాణ్ణి మాత్రం చీవాట్లు పెట్టేవారు. మెట్లు దిగేటప్పుడు కాలి వేలితో మెట్టు తడిమి మరీ దిగేవారు, కొత్తపెళ్ళికూతురి నడకరా ఇది అని పిల్లలు వెనకాల నవ్వుకునేవారు. టీ ఇస్తే ముందు నా మణికట్టు పట్టుకుని, అక్కణ్ణించి గ్లాసు దగ్గరికి వచ్చేవారు. అభిమానం కాబోలనుకున్నాను నేను. ఆలోచించు, పన్నెండేళ్ళు రోజూ టీ ఇచ్చాను, ఒక్కనాడు అనుమానం వచ్చిందా? వంకర ముందు తెలిసే కన్నట.

సరే, పెట్టె సంగతికి వస్తున్నా, తొందరపెట్టకు. కొత్తగా ఒక ప్రిన్సిపాలు గారు వచ్చారు. ఇంజనీరు. మంచాయనే, తిట్టడానికేం లేదు, కానీ పెద్ద హాలు కనిపిస్తే చాలు అందులో యంత్రం పెట్టాలనిపించేది ఆయనకి. దారాల గది ఖాళీ చేయించి అక్కడ లోహపు పని యంత్రాలు పెడదామని అందరిముందూ అన్నారు. ఆ క్లాసు అవసరమైతే చూపించండి, నెలాఖరుకి వచ్చి చూస్తాను, నాకు నచ్చితే ఉంటుంది అన్నారు. మాస్టారికి ముద్ద దిగలేదు. ఆ గది పోతే ఆయనకేముంది చెప్పు? ఇల్లూ అదే, పిల్లలూ అదే. అప్పుడు నన్ను పిలిచి, నాకో పెట్టె చేసి పెట్టాలయ్యా అన్నారు.

బారెడు పొడుగు, మూరెడు ఎత్తు. పైన మూతకి బదులు పల్చటి తెల్ల గుడ్డ, వెలుతురు రావడానికి. ముందు పలకకి ఒకే ఒక్క బెజ్జం, శనగగింజంత. లోపల మాస్టారు రంగులతో గది వేశారు. నాలుగు నెలల ముందునించీ ఆయన బుర్రలో ఉందట అది, ఇరవై రోజుల్లో వేశారు. గుడ్డ తీసి పైనించి చూస్తే వికారంగా ఉండేది. కుర్చీ కాళ్ళు నేల పలక మీద మూరెడేసి సాగి, వీపు పక్క గోడ మీదికి పాకి, కుర్చీని ఎవరో రోకలితో దంచినట్టుండేది. కానీ బెజ్జానికి కన్ను ఆనించి చూస్తే, నా తల్లే, ఏం చెప్పను, గది. కుర్చీ నేల మీద నాలుగు కాళ్ళతో నిలబడి ఉంది. వెనక తలుపు, తలుపు అవతల ఇంకో గది, అక్కడ మళ్ళీ కిటికీ. నేను కట్టిన పెట్టె నాకే తెలియలేదు. నేను వేసిన అడ్డపలక ఎక్కడుందా అని వెతికాను, దొరకలేదు. మీ అమ్మమ్మని కూడా తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ చూసి, ఆ గది ఊడ్చేవాళ్ళెవరు అంది. అంతకంటే మెప్పు ఇంకేం కావాలి?

ఇక నా ఘనకార్యం విను. ప్రిన్సిపాలు గారు వచ్చే రోజు పొద్దున్నే పెట్టెకి పాలిష్ పెడుతున్నాను. నాకు బుద్ధి పుట్టింది. బుద్ధి అనకూడదులే దాన్ని. ప్రిన్సిపాలు గారు పెద్దమనిషి, లావుపాటి కళ్ళజోడు, కోటు వేసుకుని వస్తారు. నలుగురిలో ఆయన ఒక కన్ను మూసి, మొహం వంకర పెట్టుకుని, చిలిపి పిల్లాడిలా బెజ్జంలోకి చూడటం ఏం బాగుంటుంది? మనిషికి దేవుడు రెండు కళ్ళిచ్చాడు కదా, రెండో కంటికీ ఒక బెజ్జం ఉంటే హాయిగా చూస్తారు కదా? పాత దుర్భిణీ ఒకటి నా దగ్గర ముక్కలై పడి ఉంది, దాని ఇత్తడి ఉంగరాలు రెండూ తీశాను. బర్మా తీసుకుని మొదటి బెజ్జం పక్కన రెండోది తొలిచేశాను, రెంటికీ ఉంగరాలు బిగించాను. ధగధగలాడింది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారే, ఆ కోతికి ఇత్తడి చెవిపోగులు కూడా పెట్టానన్నమాట. నేను చూసుకున్నానా? చూసుకోలేదు. ఇరవైసార్లు చూసిన గదే కదా అనుకున్నాను. మాస్టారు వచ్చారు. ఇదేమిటయ్యా రెండోది అన్నారు. రెండో కంటికండీ అన్నాను. వంగి చూశారు. చాలాసేపు చూశారు. లేచి, నా భుజం తట్టి, నిజమే, రెండు కళ్ళవాళ్ళకి రెండుండటమే సౌకర్యం, నాకు తట్టలేదు సుమా అన్నారు. చూశావా ఆ మాట? రెండు కళ్ళవాళ్ళకి అన్నారు. నా చెవిన పడింది, బుర్రకెక్కలేదు.

ప్రిన్సిపాలు గారు వచ్చారు, వెనక ఓ పదిమంది మాస్టర్లు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన వంగి, ముక్కు పెట్టెకి ఆనించి, రెండు కళ్ళూ రెండు ఉంగరాలకీ పెట్టి చూశారు. చూసి లేచారు. ఏముందండీ ఇందులో, చెక్కల మీద రంగు పూశారు అన్నారు. వెటకారం కాదు, ఉన్నమాట చెప్పారు. మాస్టారికి అర్థం కాలేదు. గది ఉంది కదండీ అన్నారు. ఏ గదండీ? మాస్టారు తను వంగి, రెండు బెజ్జాలకీ రెండు కళ్ళూ ఆనించి, అదుగో కుర్చీ, అదుగో తలుపు, అవతల ఇంకో గది, నాకు స్పష్టంగా కనిపిస్తోందే అన్నారు. ప్రిన్సిపాలు గారు మళ్ళీ చూశారు. చెక్కలే. వెనక ఉన్న ఫోటోల మాస్టారు చూశారు, చెక్కలే. ఎవరో కిసుక్కున నవ్వారు. మా మాస్టారి మొహం అప్పుడు చూడాల్సింది కాదు నేను. జీవితంలో మొదటిసారి తన గీత మీద తనకే అనుమానం వచ్చింది ఆ మనిషికి.

నేను ఆగలేకపోయాను. జనాన్ని తోసుకుని వెళ్ళి నేనూ రెండు కళ్ళతో చూశాను. ఏముంది, నా పలకలు నాకు కనిపిస్తున్నాయి, ఎక్కడ మొదలై ఎక్కడ మడతపడ్డాయో తెలిసిపోతోంది. ఒక కన్ను మూశాను. గది వచ్చేసింది. తెరిచాను, పోయింది. నా రెండో బెజ్జం పాడు చేసిందని అప్పుడు తెలిసింది. వేలితో ఆ బెజ్జం మూసి, అయ్యా, తప్పు నాది, బెజ్జం నేను ఎక్కువ పెట్టాను, ఒక్క కంటితో చూడండి అన్నాను. ప్రిన్సిపాలు గారు ఒక్క కంటితో చూశారు. అబ్బో అన్నారు. కన్ను తెరుస్తారు, మూస్తారు, మళ్ళీ అబ్బో అంటారు. ఇంజనీరు మర్యాదంతా పోయి పసిపిల్లాడైపోయారు ఆయన. ఇది అద్భుతం, ఈ క్లాసు ఉండాల్సిందే, యంత్రాలు ఇంకెక్కడైనా పెట్టుకుందాం అని అందరిముందూ చెప్పేశారు. నా గుండె కుదుటపడింది. గెలిచామనుకున్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు కదా. ప్రిన్సిపాలు గారు తెలివైనవారు. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. చాలా నెమ్మదిగా, మాస్టారూ, ఇందాక మీరు రెండిట్లోంచీ చూశారు, మీకు గది ఎలా కనిపించింది అన్నారు. ఒక కన్ను మూసుకున్నానండీ అని ఉంటే సరిపోయేది. నేను పక్కనించి కళ్ళతో సైగ చేస్తున్నాను, ఎడమపక్క నిలబడ్డాను, ఆయన చూడలేదు. ఎడమకన్ను లేదని నాకేం తెలుసు? మాస్టారు ఎదురుగా అడిగితే అబద్ధం ఆడటం చేతకాని మనిషి, పెట్టె మీద గుడ్డ సర్దటం మొదలుపెట్టారు. ప్రిన్సిపాలు గారు జేబులోంచి పెన్సిలు తీసి నిలువుగా పట్టుకున్నారు. పక్కనించి వేలు తెచ్చి దీని మొన మీద పెట్టండి అన్నారు. మాస్టారు వేలు పెట్టారు. పెన్సిలుకి బెత్తెడు ఇవతల, గాలిలో. మళ్ళీ పెట్టారు, ఈసారి అవతల పడింది.

మాస్టారికి ఐదేళ్ళప్పుడు కంట్లో వెదురుపుల్ల గుచ్చుకుందట. కన్ను చూడటానికి కన్నులాగే ఉంది, చూపు లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు డాక్టరు కుడికన్ను మూసి గోడ మీద అక్షరాలు చదవమంటే, ముందువాళ్ళు చదువుతుంటే విని బట్టీ పట్టి చదివేశారట. అక్కగారికి తప్ప పురుగుకి కూడా తెలియదు. రూలు ఉంది, అక్కడ గీతలు, కొలతలు నేర్పేవాళ్ళకి రెండు కళ్ళూ సరిగ్గా ఉండాలని. ప్రిన్సిపాలు గారు పాపం ఏడ్చినంత పనిచేశారు. నా చేతిలో లేదండీ, పదిమంది ఎదుట తేలిపోయింది, పైకి రాయక తప్పదు అన్నారు. గది నిలబడింది, మాస్టారు పోయారు. పోయారంటే ఎక్కడికి? కింద సామాన్ల గదిలో కిటికీ దగ్గర కూర్చోబెట్టారు, పిల్లలకి గీత బల్లలు, స్కేళ్ళు ఇచ్చి పుచ్చుకోవడానికి. పాతిక మంది మాస్టర్లని తయారుచేసిన మనిషిని. పిల్లలు మధ్యాహ్నం పూట ఆ కిటికీ దగ్గరే గుంపు కట్టి సందేహాలు అడిగేవారు. కెమెరాకి మాత్రం ఎన్ని కళ్ళురా, ఎవరైనా దాన్ని ఉద్యోగంలోంచి తీసేశారా అని నవ్వించేవారు వాళ్ళని. నాతో మాత్రం ఆ విషయం ఎత్తేవారు కాదు. నేనూ మొహం చాటేసుకుని తిరిగేవాణ్ణి. బెజ్జం తొలిచింది నేను. సరే, అది తెలియక చేశాను. కానీ ఒక్క కంటితో చూడండని అన్నదీ నేనే కదా. నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేది? బొమ్మ బాగోలేదని గది పోయేది, ఆయన ఇంకో గదిలో ఇంకేదో పాఠం చెప్పుకునేవారు. ఊరుకో, నీకు తెలియదు. మీ అమ్మమ్మ కూడా ఇలాగే, మీ తప్పేముంది అనేది. తప్పు లేకపోతే మరి నాకు ముద్ద ఎందుకు దిగలేదు?

కొత్త మాస్టారు వచ్చాడు, కుర్రాడు. నడవడానికి దారి లేదు, ఈ దారాలన్నీ తీయించెయ్యండి అన్నాడు. నాకు చెప్పారు తియ్యమని. సెలవు రోజున కత్తెర పట్టుకుని వెళ్ళేసరికి మాస్టారు అప్పటికే అక్కడున్నారు. నువ్వొక్కడివే ఎందుకు, కట్టినవాణ్ణి నేను అన్నారు. ఇద్దరం మొదలుపెట్టాం. ఆయన చేత్తో దారం పట్టుకుంటారు, నేను కోస్తాను. పట్టుకోబోయి ఒకోసారి తప్పేవారు, చెయ్యి ఊరికే గాలిలో మూసుకునేది, నేను అటు తిరిగేవాణ్ణి. సగం అయ్యాక, కిటికీ గట్టు మీద కూర్చుని, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు, నీకు నా దగ్గర మొహమాటం ఎందుకు అన్నారు. అడగండి అన్నాను. ముప్ఫై ఏళ్ళు చూపు గురించే పాఠం చెప్పానయ్యా, ఆ రెండో కంటితో మీకందరికీ ఏం కనిపిస్తుందో నాకు తెలియదు, ఏముంటుంది అందులో?

నేను ఎదురుగా చూశాను. ఇంకా రెండొందల దారాలున్నాయి. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఒక కన్ను మూశాను. అన్నీ ఒకే కాగితం మీద గీసిన గీతల్లా అతుక్కుపోయాయి. తెరిచాను. అమ్మడూ, ఒక్కో దారం దాని చోట అది వెళ్ళి నిలబడింది. ఇది ముందు, అది వెనక, వాటి మధ్య ఖాళీ, ఆ ఖాళీలో చెయ్యి పెట్టొచ్చు. దారాల మధ్య గాలి కనిపించింది నాకు. పుట్టినప్పట్నించీ నాకు ఉన్నదే, ఆ రోజే మొదటిసారి చూశాను. ఆ గది కట్టింది ఆయన, అందులో అదొక్కటీ ఆయన ఎన్నడూ చూడలేదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. మింగేశాను. ఏం లేదు మాస్టారూ, పెద్ద తేడా ఏం లేదు, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని ఇచ్చాడు దేవుడు, అంతే అన్నాను. అంతేనా అన్నారు. అంతేనండీ అన్నాను. కాసేపు నన్నే చూసి, నవ్వి, లేచి, మిగిలిన దారాలు పట్టుకోవడానికి వచ్చారు.

తరవాత మూడేళ్ళే బతికారు. నేను కబురు తెలిసి వెళ్ళేసరికి అంతా అయిపోయింది, అక్కగారు ఒక్కరే వసారాలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, నువ్వేనా నాయనా ఆ వడ్రంగివి అన్నారు. అవునమ్మా అన్నాను, ఇంక తిట్టు ఒక్కటే తరవాయి అనుకున్నాను. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, చిన్నప్పట్నించీ వాడికదే బెంగ నాయనా, అందరికీ ఏదో కనిపిస్తోంది, నాకు కనిపించట్లేదు అని, నువ్వు చెప్పావటగా తేడా ఏం లేదని, ఇంటికి వచ్చినవాళ్ళందరికీ, నాకూ చెప్పేవాడు, అక్కా నేనేం పోగొట్టుకోలేదే, మా వడ్రంగి చూసి చెప్పాడు, వాడికి వంకర ముందు తెలుస్తుంది, వాడు అబద్ధం చెప్పడు అని, ఆ మూడేళ్ళూ హాయిగా నిద్రపోయాడు నాయనా అన్నారు.

...

ఏం లేదు. కంట్లో ఏదో పడింది. సరే గానీ, మీ అమ్మ ఎన్నింటికి వస్తానంది? ఆ పుస్తకాలు పైకి తీసి సర్దు, వచ్చి చూసిందంటే ఇద్దరికీ పడతాయి.